అప్‌డేట్: ధర్మశాస్త్రమా, కృపా? నా సందేహం తీరింది

మనం కృపకే (అర్హత లేకపోయినా దేవుడు చూపే దయ) గాని ధర్మశాస్త్రానికి (మోషే ద్వారా దేవుడిచ్చిన ఆజ్ఞలు) లోనైనవాళ్లం కామని బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక 6:14లో ఉంది, యేసేమో దాన్ని కొట్టివేయడానికి రాలేదు, నెరవేర్చడానికే వచ్చానన్నాడు (మత్తయి 5:17), మరి ఆజ్ఞలు పాటించాలా వద్దా అని అడిగాను గుర్తుందా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ముడి విప్పింది పౌలుదే మరో పత్రిక, గలతీ 3:24 చూడమన్న సలహానే. అక్కడ ధర్మశాస్త్రాన్ని ‘బాలశిక్షకుడు’ అన్నారు, నేను ఇన్నాళ్లూ అంటే పాఠం చెప్పే టీచర్ అనుకున్నాను. పాస్టర్‌గారిని అడిగితే గ్రీకులో ఆ మాట పైదగోగోస్ అని, ఆ కాలంలో పిల్లాణ్ణి వెంటబెట్టుకుని గురువు దగ్గరికి తీసుకెళ్లే, నడవడిక తప్పితే దండించే ఇంటి బానిస అని చెప్పారు. పిల్లాడు పెద్దవాడయ్యాక ఆ కాపలా అక్కర్లేదు, అలాగని నేర్చుకున్న మంచి నడవడిక వదిలేయడు కదా! ధర్మశాస్త్రం పాపమేంటో చూపించి క్రీస్తు దగ్గరికి నడిపిస్తుంది, నీతిమంతులుగా తీర్చేది మాత్రం కృపే.

అయితే ఇష్టమొచ్చినట్టు బతకొచ్చా అన్న టెన్షన్ కూడా పోయింది. నేను రోమా 6లో 14వ వచనం దగ్గరే ఆగిపోయాను, పక్కనే 15లో పౌలు అదే ప్రశ్న వేసి ‘అదెన్నటికిని కూడదు’ అంటున్నాడు.

ధర్మశాస్త్రాన్ని నైతిక, ఆచార, పౌర నియమాలని మూడుగా విడదీసే చర్చ చాలా చదివాను కానీ నా ప్రశ్నకు అది అవసరం పడలేదు. ఇదే సందేహంతో వచ్చినవాళ్లు ముందు గలతీ 3, 4 అధ్యాయాలు ఆపకుండా చదవండి, తర్వాత రోమా 6 నుంచి 8 వరకు.