నల్లమబ్బు వెనకాల ఉంటే ఎండ అంతలా మెరిసిపోతుందెందుకు?

గోదారిగట్టు:
నిన్న సాయంత్రం కొవ్వూరు గోష్పాద క్షేత్రం రేవులో ఉన్నాను. రాజమండ్రి వైపు ఆకాశమంతా కారుమబ్బు కమ్ముకుని ఉంది, వాన ఇంకా ఏరు దాటి మా వైపు రాలేదు. ఇంతలో పడమట మబ్బు కాస్త విచ్చుకుని అందులోంచి పొద్దు బయటపడింది. అంతే, ఆర్చి వంతెన ఒక్కసారిగా వెలిగిపోయింది, వెనకాల ఆకాశం పలక రంగు, ముందు తెల్లటి విల్లులు వరసగా, ఒక్కోదానికీ వేలాడే కడ్డీలు కూడా విడివిడిగా కనిపించేంత స్పష్టంగా. రేవులో కట్టేసిన పడవ మీద కప్పిన వెలిసిపోయిన నీలం పట్టా కూడా కొత్తదానిలా మెరిసింది. ఐదారు నిమిషాలకి మళ్లీ మబ్బు మూసుకుపోయి అంతా మామూలైపోయింది.

అదే వంతెనని మే నెల ఎండలో ఎన్నోసార్లు చూశాను, అప్పుడు కళ్లు చిట్లించుకోవడమే తప్ప ఈ అందం లేదు. ఆ ఎండలో నిజంగా ఏదైనా తేడా ఉంటుందా, లేక మన కంటి మాయేనా? ఫోన్‌లో తీస్తే ఆకాశం ఉత్త బూడిద రంగులో వచ్చింది, వంతెన పాలిపోయింది. ఇలాంటిది మళ్లీ చూడాలంటే ఏ కాలంలో, ఏ వేళకి, ఎటు తిరిగి నిలబడాలో ఎవరికైనా లెక్క తెలిస్తే చెప్పండి. దీన్ని అదృష్టానికి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

కుంచె_రంగు:
డ్రాయింగ్ టీచర్‌ని, నాకు తెలిసినంత చెబుతానండీ. ఎండ బలం పెరగలేదు. నేల మీద పడే వెలుగు లెక్కన చూస్తే సాయంత్రం ఐదింటి ఎండ మధ్యాహ్నపు ఎండలో సగం కూడా ఉండదు. కాకపోతే అది తగిలే చోటు వేరు. మధ్యాహ్నం ఎండ నడినెత్తి నుంచి పడి డాబాలని, రోడ్లని కాలుస్తుంది, గోడలకి మాత్రం పక్కనుంచి రాసుకుంటూ పోతుంది. పొద్దు వాలాక అదే ఎండ అడ్డంగా వచ్చి గోడలకి, చెట్ల మానులకి, మీ వంతెన విల్లులకి ఎదురుగా తగులుతుంది. మీరు పొద్దుకి వీపు పెట్టి చూస్తున్నారు కాబట్టి నీడ ఉన్న వైపు మీకు కనిపించదు, వెలిగే ముఖమే కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి వెనకాల ఉన్న ఆకాశం. మామూలు రోజుల్లో, ముఖ్యంగా వేసవిలో, దిగంతం దగ్గర ఆకాశం దుమ్ముతో తెల్లగా, చాలా వెలుగుగా ఉంటుంది, దాని ముందు తెల్ల కాంక్రీటు కలిసిపోతుంది. అక్కడ నల్లమబ్బు నిలబడితే మీ చూపులో అన్నిటికన్నా వెలుగైనది వంతెనే అవుతుంది. కన్ను వెలుగుని విడిగా కొలవదు, పక్కనున్నదానితో పోల్చుకునే చూస్తుంది. మా పిల్లల చేత ఒక పని చేయిస్తాను, ఒకే బూడిద రంగు కాగితంలోంచి రెండు ముక్కలు కత్తిరించి ఒకటి నల్ల చార్టు మీద, ఒకటి తెల్ల చార్టు మీద అంటించమంటాను. రెండూ ఒకే కాగితమని వాళ్లే కత్తిరించి కూడా నమ్మరు! పారిస్‌లో గోబెలిన్ నేతశాల అద్దకం పనులు చూసిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లోనే దీని మీద పెద్ద అధ్యయనం ప్రచురించాడు. నల్ల రంగు సరిగా పట్టడం లేదని ఫిర్యాదులొస్తే ఆయన పరీక్షించి, అద్దకంలో లోపం లేదు, పక్కన వేసిన రంగుల వల్ల అలా కనిపిస్తోందని తేల్చాడు.

రంగు సంగతీ అంతే. వాలే పొద్దు వెలుగు గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది, దారిలో నీలం చెదిరిపోయి పసుపు, నారింజ ఎక్కువగా మిగులుతాయి. మబ్బేమో నీలం కలిసిన బూడిద. ఈ రెండూ ఎదురెదురు రంగులు, పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. పైగా కాసేపటి ముందు వాన పడి ఉంటే గాల్లో దుమ్ము కడుక్కుపోయి దూరాన ఉన్నవి కూడా చెక్కినట్టు కనిపిస్తాయి.

మబ్బు నల్లగా ఉండటానికి కారణం దాని మందం. ఉరుముల మబ్బు మన దగ్గర పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా లేస్తుంది, పైన పడ్డ వెలుగులో చాలా భాగం పైకే తిరిగి వెళ్లిపోతుంది, అడుక్కి చేరేది కొద్దిగానే. విమానంలోంచి చూస్తే అదే మబ్బు కళ్లు చెదిరేంత తెల్లగా ఉంటుంది. నాకు ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

డాబా_సోలార్:
మాస్టారూ, బాగా చెప్పారు, కానీ "ఎండ బలం పెరగలేదు" అన్నది అన్ని వేళలకీ వర్తించదు. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే పని నాది. మబ్బులు విడివిడిగా తిరిగే రోజున, పొద్దు మబ్బు అంచు దాటి బయటికి వచ్చిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా పైకి లేస్తుంది, మబ్బే లేని రోజు అదే టైముకి వచ్చేదానికన్నా ఎక్కువ. నేరుగా వచ్చే ఎండ తగ్గకుండానే చుట్టూ ఉన్న తెల్లమబ్బు అంచుల నుంచి చెదిరిన వెలుగు దానికి తోడవుతుంది. ప్యానెళ్ల రేటింగ్‌కి ప్రమాణం చదరపు మీటరుకి 1000 వాట్లు, ఆ కొద్దిసేపు దాన్ని దాటడం మామూలే. కాసేపే ఉంటుంది, తర్వాత మబ్బు అడ్డొస్తే దబ్బున పడిపోతుంది. గోదారిగట్టు గారు చూసింది సాయంత్రం కాబట్టి అక్కడ మీరు చెప్పిందే ఎక్కువ నిజం అయ్యుండొచ్చు. మధ్యాహ్నం పూట మబ్బు సందులోంచి వచ్చే ఎండ చురుక్కుమనిపిస్తే మాత్రం కన్ను మోసపోయిందని అనుకోకండి.

గోదారిగట్టు:
ఇద్దరికీ థ్యాంక్స్. వెనకాల మబ్బు మారితే ముందున్న వంతెన మారినట్టు ఉంటుందన్నది నాకు తట్టనే లేదు. మరి ఫోటో సంగతి?

క్లిక్‌మనిపిస్తా:
ఫోన్ ఫ్రేములో ఉన్నదంతా చూసి సగటు కడుతుంది బ్రో. ముప్పావు వంతు నల్లమబ్బే ఉంటే చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, దాంతో మబ్బు బూడిదైపోతుంది, వంతెన తెల్లగా పాలిపోతుంది. వంతెన మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి, పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి లాగు. మబ్బు నల్లగా కనిపించేదాకా లాగు, భయపడకు. హెచ్‌డీఆర్ ఆపే వీలుంటే ఆపెయ్, దాని పనే చీకటిని లేపడం, వెలుగుని తగ్గించడం, అంటే నువ్వు చూసి మురిసిపోయిన ఆ తేడానే అది చెరిపేస్తుంది.

ఇంకో ముఖ్యమైనది వైట్ బ్యాలెన్స్, అంటే ఫోటోలో రంగుల్ని సరిచేసే సెట్టింగ్. ఆటోలో ఉంటే ఎండలో పసుపుని తప్పనుకుని తీసేస్తుంది. ప్రో మోడ్ ఉంటే డేలైట్‌లో పెట్టు, ఐదు వేల చిల్లర కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) దగ్గర. జూమ్ లెన్స్ ఉంటే దూరం నుంచి తీస్తే ఇంకా బాగుంటుంది, ఫ్రేములో వంతెన, దాని వెనక మబ్బు, అంతే, పైన తెల్లటి ఆకాశం ముక్క రాకూడదు. ఆ ముక్క పడిందంటే కన్ను అక్కడికే పోతుంది. దయచేసి ఫిల్టర్లు, శాచ్యురేషన్ జోలికి పోకు, ఆ వెలుగుకి మన మేకప్ అక్కర్లేదు.

సింగిడి:
హైదరాబాద్ నుంచి. ఇక్కడ నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్ మొత్తం తెల్ల పాలరాయి, సాయంత్రం దానికి పడమటి వైపు నుంచి చూస్తే, తూర్పున మబ్బు పట్టి ఉంటే, గుడి ఒక్కటే ఊరంతటికీ దీపం పెట్టినట్టు ఉంటది.

మీరు వేళ అడిగారు కదా, సింగిడి (ఇంద్రధనుస్సు) కూడా కావాలంటే దానికి కచ్చితమైన లెక్క ఉంది. పొద్దు దిగంతం మీద 42 డిగ్రీల ఎత్తు కన్నా కిందికి దిగితేనే నేల మీద నిలబడ్డవాళ్లకి ఆకాశంలో సింగిడి కనిపిస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో మన దగ్గర అది సుమారు మూడు, మూడున్నర దాటాకే. పొద్దు ఎంత కిందికి దిగితే విల్లు అంత పైకి లేస్తది, సరిగ్గా అస్తమించే వేళకి సగం గుండ్రం నిలబడుతది. రెండో సింగిడి వస్తే రెండింటి మధ్య జాగా చూడండి, మిగతా ఆకాశం కన్నా నల్లగా ఉంటది. అక్కడి చినుకుల నుంచి మన కంటికి ఆ వెలుగు రాదు. మొదటి విల్లు లోపలి వైపు మాత్రం తెల్లబారి ఉంటది. నల్లమబ్బు వెనకాల లేకపోతే ఈ తేడాలు అంత బాగా కనిపించవు.

చేను_గట్టు:
మాది కోనసీమ. మీ అందరి మాటలూ చదువుతుంటే కడుపు నిండింది. మా దగ్గర మఖ, పుబ్బ కార్తెలప్పుడు, అంటే ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా, ఊడ్చిన (నాట్లేసిన) వరిచేను పచ్చగా ఒత్తుకుని ఉంటుంది. తూర్పున మబ్బు దిగి, పడమటి నుంచి నీరెండ చేను మీద పడితే ఆ పచ్చదనం నేల నుంచి పైకి పొంగుతున్నట్టుంటుంది. అందులోంచి కొంగలు లేస్తే ఇక చెప్పక్కర్లేదు. రెక్క ఆడించిన ప్రతిసారీ ఒక తెల్లటి మెరుపు, రెక్క ముడిస్తే మాయం. రామకృష్ణ పరమహంస ఆరేడేళ్ల పిల్లవాడిగా మరమరాలు తింటూ పొలం గట్టు మీద నడుస్తుంటే నల్లమబ్బు మీదుగా తెల్లకొంగల బారు ఎగిరిందని, అది చూసి ఒళ్లు మరిచి పడిపోయారని చెబుతారు. ఆ పిల్లవాడికి ఏమైందో మా చేలో నిలబడి ఆ కొంగల్ని చూసినవాళ్లకి అర్థమవుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. తల మీద ఎండ ఉంది కదా అని పిడుగు పడదనుకోకండి. వాన పడుతున్న చోటు నుంచి పది కిలోమీటర్ల అవతల కూడా పడుతుంది. మెరుపు చూశాక 30 సెకన్లలోపు ఉరుము వినిపించిందంటే అది మీకు అందేంత దగ్గరలో ఉన్నట్టే, చేలోంచి, రేవులోంచి వచ్చేయండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా వెళ్లకండి. తాడిచెట్టు కిందికి అసలు పోవద్దు. పుణె ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) వాళ్ల దామిని యాప్ ఫోన్‌లో ఉంచుకోండి, పిడుగులు ఎంత దూరంలో పడుతున్నాయో చూపిస్తుంది. మెరుపుల మబ్బు ఎదురుగా ఉంటే ఇంటి లోపలి నుంచో, కారు అద్దాలు మూసుకునో చూడండి.

డాలస్_వాసి:
టెక్సాస్‌లో ఇది మాకు ఏప్రిల్, మే నెలల్లో దొరుకుతుంది. ఇక్కడ తుఫాను మబ్బులు చాలావరకు పడమటి నుంచి తూర్పుకి కదులుతాయి. అందుకని సాయంత్రం గాలివాన మన మీదుగా దాటిపోయాక పడమర తేటపడుతుంది, వెళ్లిపోతున్న మబ్బు వీపు మీద ఎండ పడుతుంది. ఒక్కోసారి ఆ మబ్బు అడుగున సంచులు సంచులుగా వేలాడతాయి, మమ్మాటస్ అంటారు, వాటి కిందికి వాలు వెలుగు పడితే ఒక వైపు బంగారం, ఒక వైపు నీలం. వడగళ్లు పడి తగ్గిన వెంటనే అపార్ట్‌మెంట్ జనమంతా పార్కింగ్‌లోకి వచ్చి నిలబడతాం, పక్కింటివాళ్లతో మొదటిసారి మాట్లాడింది నేను అలాగే. గోదావరి మీద మాత్రం ఎప్పుడూ చూడలేదు, ఈసారి ఇండియా వస్తే సెప్టెంబరులో రావాలని ఉంది. పొద్దున పూట దొరుకుతుందా అక్కడ? పిల్లలతో సాయంత్రం కుదరకపోవచ్చు.

గోదారిగట్టు:
@డాలస్_వాసి గారూ, దొరుకుతుందండీ, ఒడ్డు మార్చాలి అంతే. పొద్దున్నే రాజమండ్రి పుష్కర ఘాట్‌కి వెళ్లండి, పొద్దు వీపు వెనకాల ఉంటుంది, మబ్బు కొవ్వూరు వైపు ఉండాలి. సాయంత్రమైతే కొవ్వూరు ఒడ్డు, మబ్బు రాజమండ్రి వైపు. బయల్దేరే ముందు వాతావరణ శాఖ సైట్‌లో మచిలీపట్నం, విశాఖ రాడార్ బొమ్మలు చూసుకోండి, వాన ఏ దిక్కున ఉందో తెలిసిపోతుంది. నేను ఇవాళ్టి నుంచి అదే చేస్తున్నాను, ప్రస్తుతం విశాఖ వైపు నుంచి ఒకటి కదులుతోంది.