సమస్య: "హాయి నిడు నిరాశ యార్తులకును"

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. నిరాశ అంటే ఇవాళ మనకు కుంగిపోవడమే కదా, అది హాయి ఎలా ఇస్తుందన్నదే చిక్కు.

పూరణ 1:
రేయి యెల్ల వేచి రిత్తయై పింగళ
కోర్కె విడిచి నిదురఁ గూడె నంట
వచ్చువాఁడు లేఁడు వాకిలి మూసిన
హాయి నిడు నిరాశ యార్తులకును

నిర్వాహకుడు: చాలా బాగుందమ్మా! భాగవతం ఏకాదశ స్కంధంలో "ఆశా హి పరమం దుఃఖం, నైరాశ్యం పరమం సుఖం" (ఆశే పరమ దుఃఖం, ఆశ లేకపోవడమే పరమ సుఖం) అన్నది విటుడి కోసం ఎదురుచూసిన ఈ పింగళ అనే వేశ్య కథ చివరే. "వాకిలి మూసిన" అన్నచోట పద్యం నిలబడింది, ఎదురుచూపు అక్కడే ఆగింది. సంస్కృతంలో నిరాశకు దిగులనే అర్థమూ ఉంది కానీ, ఇక్కడ మాత్రం ఆశ బరువు దిగిపోవడమే.

పూరణ 2:
మేలు రాదటంచు మేల్కొని యుండిన
కీడు వచ్చునపుడు గుండె నిలుచు
ముందె యెఱిఁగినట్టి ముప్పన్న భయమేల
హాయి నిడు నిరాశ యార్తులకును

ఇంకో సభ్యుడు: రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన జత, తప్పింది సార్, కీ-గు కుదరవు. "గిలియె లేదు" అంటే సరిపోతుంది, భావమూ చెడదు. ఇంకో మాట, మీరు పట్టుకున్నది పింగళ నిరాశ కాదు, పెస్సిమిజం. దాని మూలం లాటిన్ 'పెస్సిమస్', అంటే అన్నిటికన్నా చెడ్డది, అందులో ఆశ అనే మాటే లేదు. సాధ్యమైన లోకాలన్నిటిలో ఇదే ఉత్తమమని జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ 1710లో రాస్తే, ఆ వాదానికి 1737లో ఫ్రెంచిలో ఆప్టిమిజం అని పేరొచ్చింది, పెస్సిమిజం దానికి ఎదురుమాటగా తర్వాత పుట్టింది. తర్వాతి తత్త్వవేత్త షోపెన్‌హౌవర్ అయితే ఇదే అధమలోకమని వాదించాడు. అంటే అది లోకం మీద తీర్పు, మనసు స్థితి కాదు. మనం దానికి నిరాశావాదం అని పేరు పెట్టుకునేసరికి పింగళకు హాయినిచ్చిన మాట కాస్తా తిట్టుమాట అయిపోయింది, నాకు అదే బాధ.

పూరణ 2 రాసినవారు: యతి దిద్దుకున్నానండీ, "కీడు వచ్చునపుడు గిలియె లేదు". తేడా ఇప్పుడు తెలిసింది. నా పద్యంలో వాడు వాకిలి మూయలేదు, కీడు కోసం తెరిచిపెట్టుకుని కూర్చున్నాడు. మూడో పాదం మళ్ళీ రాస్తాను.