క్షేత్రయ్య పదం అర్థం అడిగితే డాన్స్ మేడమ్ మాట దాటేస్తున్నారు, మీకూ ఇంతేనా?

మువ్వలసవ్వడి:
ముప్పై దాటాక కూచిపూడి మొదలుపెట్టా, ఇప్పుడు క్షేత్రయ్య పదం, అదే అభినయానికి పాడే శృంగారపు పాట, నడుస్తోంది. మేడమ్ ఏమో నాయిక జీవాత్మ, మువ్వగోపాలుడు పరమాత్మ, ఇక అడక్కు అంటారు. ఇంటికొచ్చి మిగతా పదాలు చదివితే మొగుడికి తెలీకుండా ప్రియుడి కోసం తపించే ఆవిడ, డబ్బు సంగతి ముందు తేల్చమనే వేశ్య... వీళ్ళంతా జీవాత్మలేనా? అభినయంలో ఏ మొహం పెట్టాలో అర్థం కావట్లేదు.

చిన్నమేళం:
మొహం కాదు, ముందు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తేల్చుకోండి. స్వీయ (సొంత పెళ్ళాం), పరకీయ (పరాయివాడి పెళ్ళాం), సామాన్య (వేశ్య) అని నాయికల్ని శాస్త్రమే విడగొట్టింది, పెళ్ళాం కోపం వేరు, పరకీయ భయం వేరు, సామాన్య లెక్క వేరు. పదం అంటే ఒక పెద్ద కథలో ఒక్క ఘట్టం, అంతకుముందు ఏం జరిగిందో చెప్పరు, సఖితో అనే మాటల్లోంచి మనమే ఏరుకోవాలి. పైగా చాలామంది పాట మొదలైన పల్లవి వదిలి, దాని తర్వాత రావాల్సిన అనుపల్లవి ముందు ఎత్తుకుని తర్వాత పల్లవికి వస్తారు, అంటే గొడవ మధ్యలో మనం తలుపు తీసినట్టు! అదే లైన్ విలంబంలో, అంటే నెమ్మది నడకలో, నాలుగుసార్లు వస్తుంది, ఒకసారి అలక, ఒకసారి ఎత్తిపొడుపు, ఒకసారి ఏడుపు, మాట మారదు, కథ మారుతుంది.

రామభక్త్72:
భక్తి అనుకుని ఆడితే పోయేదేముంది, పిల్లలు కూడా చూస్తారు కదండీ. ఈ పచ్చి విషయాలు తవ్వడం దేనికి.

పాతపుస్తకాలపిచ్చి:
రామభక్త్ గారూ, ఈ మాట వందేళ్ళ కిందటే అన్నారు. తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన రాధికాసాంత్వనం కావ్యం కథేంటంటే, రాధ తను పెంచిన ఇళని కృష్ణుడికిచ్చి తనే పెళ్ళి చేసి, మొదటి రాత్రికి తనే పాఠాలు చెప్పి, ఆ తర్వాత అసూయతో కుమిలిపోతుంది. సరసం కంటే నాకు ఆ కుమిలిపోవడమే గుచ్చుకుంటుంది. వీరేశలింగం గారు అది బూతు అన్నారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠం అచ్చేయించి, సిగ్గు ఆడవాళ్ళకేనా, మగకవులకి అక్కర్లేదా అని ముందుమాటలోనే నిలదీసింది. మరుసటేడు తెల్లదొరల సర్కారు నిషేధించింది, ప్రకాశం పంతులు గారి హయాం దాకా ఆ నిషేధం పోలేదు. ఇంకో విషయం, తిరువయ్యారులో త్యాగరాజు సమాధి దగ్గర గుడి కట్టించింది కూడా ఈ నాగరత్నమ్మే. మరి ఆవిడకి భక్తి తెలీదంటారా?

రామభక్త్72:
ఇది నాకు తెలీదు. అయినా పిల్లల ముందు వద్దనే నా మాట.

చిన్నమేళం:
పిల్లల సంగతి వేరే, ఒప్పుకుంటా. కానీ అడిగినావిడకి ముప్పై దాటాయి అండీ 😄

మువ్వలసవ్వడి:
థాంక్స్ అందరికీ. నా పదంలో ఉన్నది సామాన్యే అనుకుంటా, రెండో చరణంలో సొమ్ముల మాట ఉంది. ఆ లైన్ మేడమ్ నేర్పకుండా దాటేశారని ఇప్పుడే చూశా.