మోడల్ రైల్వే వీడియోల చందా: మళ్ళీ కట్టాలా, మానేయాలా?

కాజీపేట ట్రయాంగిల్:
అందరికీ నమస్తే. వచ్చే వారంతో నా చందా గడువు అయిపోతుంది. కట్టాలా వద్దా అని నెల రోజులుగా నాతో నేనే కొట్లాడుకుంటున్నా. మీరేమంటారో చెప్పండి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మోడల్ రైల్వేలు, అంటే అసలు రైళ్ళు, పట్టాలు, స్టేషన్లను చిన్న సైజులో ఇంట్లో బల్ల మీద కట్టేవాళ్ళ కోసం అమెరికాలో నడిచే వీడియో సర్వీసు ఇది. పేరు రాయను, వాడేవాళ్ళకు ఎలాగూ అర్థమవుతుంది. ఏడాది చందా కడితే బల్ల కట్టడం, వైరింగ్, సీనరీ అన్నీ చూపిస్తారు. బ్యాంకు మారకపు ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి పోయినసారి నాకు ఆరు వేలు దాటింది.

నేను కట్టేది మన కాజీపేట. హెచ్‌వో స్కేల్, అంటే అసలు సైజులో 87వ వంతు. సికింద్రాబాద్ లైను ఒకటి, బల్లార్షా లైను ఒకటి, వరంగల్ మీదుగా విజయవాడ పోయేది ఒకటి. ఢిల్లీ-చెన్నై బండ్లు చాలావరకు కాజీపేట జంక్షన్‌కు రాకుండానే బైపాస్ మీద పోతాయి కదా, ఆ ముక్కతో సహా ముక్కోణం మొత్తం పెట్టాలని నా పట్టుదల. పెట్టిన రోజే షార్ట్ కొట్టింది. రెండు పట్టాల్లో ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అనుకుంటే ముక్కోణం చుట్టి వచ్చేసరికి ప్లస్ పోయి మైనస్‌కు తగులుతుంది. దీన్ని ఎలా విడదీయాలో నేర్చుకుందామనే చందా కట్టా.

పన్నెండు భాగాల సిరీస్ అని చెప్పి మొదలుపెట్టారు. ఎనిమిదో భాగం చివర్లో, వచ్చేసారి ట్రయాంగిల్ వైరింగ్ అన్నాడు. ఆ వచ్చేసారి కోసం దసరా నుంచి ఉగాది దాకా చూశా. మధ్యలో ఏం పెట్టారనుకున్నారు? ఎవరింటికో పోయి వాళ్ళు కట్టిన మోడల్ రైల్వే చూసి కాఫీ తాగిన వీడియోలు, కొత్త ఇంజన్ డబ్బా విప్పే వీడియోలు. ఉగాది దాటాక తొమ్మిదో భాగం వచ్చింది, తాళం గుర్తుతో. అది పై ప్లాన్ వాళ్ళకట, ఇంకో రెండు వేలు కట్టాలట. అన్నం వడ్డించి కూరకు వేరే టోకెన్ తీసుకోమన్నట్టుంది.

సెర్చ్‌లో వైరింగ్ అని కొడితే చెట్లు చేసే వీడియో వస్తుంది. కింద అక్షరాలు రావు, వాళ్ళ యాసేమో రాజధాని ఎక్స్‌ప్రెస్. రద్దు చేసుకుందామంటే వెబ్‌సైట్‌లో బటన్ లేదు, ఫోన్ చేయాలి. వాళ్ళ ఆఫీసు తెరిచేసరికి మనకు సాయంత్రం దాటుతుంది.

ఎన్ స్కేల్ మంచిర్యాల:
తాళం చూసి ఆగిపోయినవ్ చూడు, అదృష్టవంతుడివి అన్నా. నేను ఆ పై ప్లాన్ కట్టి చూశా. ఇరవై రెండు నిమిషాల వీడియోలో వైరింగ్ నాలుగు నిమిషాలు. మిగతాదంతా వాళ్ళే అమ్మే డబ్బా గురించి గొప్పలు.

డాబా మీది రైలు:
నేను ఎదురు మాట్లాడతా, ఏమనుకోవద్దు.

పోయినేడు నేనొక వీడియో చేశా. పాయింటు, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోటు, దాని కింద మోటారు బిగించడం, అంతే. పదకొండు నిమిషాలు. నాలుగు ఆదివారాలు పట్టింది. లైటు ఒకరోజు, చేయి అడ్డం వచ్చి మళ్ళీ ఒకరోజు, కింద వీధిలో బోనాల డప్పులు పడి మాట వినబడక ఇంకోరోజు. చూసింది మూడు వందల మంది, రూపాయి రాలేదు. ఆ పని తెలిసినవాడిని కాబట్టి ఆరు వేలంటే నాకు మరీ దోపిడీగా అనిపించదు. అక్కడ కెమెరా మనిషికి, ఎడిటర్‌కు జీతాలు ఎవరివ్వాలి? ఈ హాబీ ఉన్నవాళ్ళమే గుప్పెడు మందిమి.

పైగా మనకు పనికిరాదనడం తప్పు. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ ఎక్కడిది? ఆల్కో అనే అమెరికా కంపెనీది. 1962లో మొదటివి అమెరికా నుంచే వచ్చాయి, తర్వాతే వారణాసిలో కట్టడం మొదలైంది. ఆల్కో 1969లో మూతపడినా వాళ్ళ ఇంజన్లంటే అక్కడివాళ్ళకు ఇప్పటికీ పిచ్చి. బోగీ మీద దుమ్ము, పైకప్పు మీద మసి ఎలా రంగు వేయాలో ఆ సర్వీసులోనే చూసి నా డబ్ల్యూడీఎం-2కు వేశా. షెడ్డులో పనిచేసిన మా బాబాయి చూసి వెంటనే ఆయిల్ కారే చోటు తప్పు పెట్టావన్నాడు. మిగతా దేనికీ వంక పెట్టలేదు. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక బొట్టు వేస్తే జిగురు కంకర సందుల్లోకి దిగుతుందని చెప్పిందీ వాళ్ళే.

గ్యాంగ్‌మన్ కొడుకు:
డాబా అన్నా, రంగుల మాట నిజమే. బల్ల దగ్గరికి వస్తేనే తేడా కొడుతుంది. వాళ్ళు కట్టేది ఇంటి కింద చల్లటి బేస్‌మెంట్‌లో. నువ్వు కట్టింది డాబా మీది రేకుల గదిలో. పట్టాలన్నీ వరసగా టంకం పెట్టి అతికించమని వాళ్ళు చెబితే నేను అలాగే చేశా. మే నెల వచ్చేసరికి పట్టా పాములా వంగింది.

లెక్క వేస్తే తెలిసింది. నికెల్ సిల్వర్ పట్టా మూడు మీటర్లు ఉంటే, ఇరవై డిగ్రీల వేడి పెరిగితే దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. అక్కడక్కడా విజిటింగ్ కార్డు మందం సందు వదిలితే ఏ గొడవా లేదు. మా నాన్న ఎండాకాలం మిట్టమధ్యాహ్నం లైను వెంట నడిచేది ఇందుకే. ఇంట్లో ఉన్న మనిషిని అడగకుండా ఆరు వేలు పెట్టి అమెరికావాణ్ణి అడిగా. తప్పు నాదేలెండి.

ఇంకోటి. వాళ్ళ హెచ్‌వోలో రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది వాళ్ళ అసలు రైళ్ళ 1435 మిల్లీమీటర్ల గేజ్‌కు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676ను 87తో భాగిస్తే పందొమ్మిది పైన వస్తుంది. ఈ తేడాతో ఎలా సర్దుకోవాలో చెప్పేవాడు అక్కడ ఎందుకుంటాడు?

రామగుండం గూడ్స్:
ఇంత చర్చ దేనికి? ఆరుగురం కలిసి ఒక్క లాగిన్ తీసుకుందాం, తలా వెయ్యి. ఓటీటీలకు అందరూ చేసేదే కదా.

డాబా మీది రైలు:
నేను రాను. గుప్పెడు మంది కొనేదాన్ని ఆరుగురు కలిసి ఒకటి కొంటే రేపు ఆ గుప్పెడూ ఉండదు.

రామగుండం గూడ్స్:
సగంలో ఆపిన సిరీస్‌కు పూర్తి డబ్బు తీసుకున్నోళ్ళ మీద నీకెందుకన్నా అంత జాలి?

ఎన్ స్కేల్ మంచిర్యాల:
ట్రయాంగిల్ అన్నా, ముందు కార్డు సంగతి చూసుకో. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది. కార్డు నుంచి తనంతట తాను కట్ అయ్యే చందాకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. దేశం బయటి కంపెనీలకూ అదే. ఆ మెసేజ్‌లోనే వద్దనడానికి దారి ఉంటుంది. అమెరికాకు ఫోన్ చేసి బతిమాలే పని లేదు.

కాజీపేట ట్రయాంగిల్:
పోయినేడు ఆ మెసేజ్ వచ్చింది తమ్మీ. మా చెల్లె పెళ్ళి పనుల్లో ఉండి చూసుకోలేదు. అది మాత్రం వాళ్ళ మీద వేయను.

డాబా అన్నా, నీ మాట కొట్టిపారేయలేను, పనిచేసినవాడికి డబ్బు ముట్టాలి. కానీ నాకు మండేది వేరే. చందా ఆగిన రోజున నేను చూసి నేర్చుకున్నవి కూడా మూసుకుపోతాయి. ఎనిమిది భాగాలకు డబ్బు కట్టా, రేపు పాయింటు దగ్గర సందేహం వస్తే మళ్ళీ తెరిచి చూడలేను. పుస్తకమైతే మూలకు పడి ఉండేది కదా.

రిటైర్డ్ ఫిట్టర్:
బాబూ, ఆ తొమ్మిదో భాగంలో ఉన్నది ఇంతే, రాసుకో.

ముక్కోణంలో ఒక భుజాన్ని పూర్తిగా వేరు చెయ్. రెండు చివర్లా, రెండు పట్టాలకూ కరెంటు దాటకుండా ప్లాస్టిక్ జాయినర్లు. ఒక్క పట్టాకే పెడితే కుదరదు. ఆ భుజానికి కరెంటు ఆటో రివర్సర్ అనే పెట్టె నుంచి ఇవ్వు. బండి సందు దాటగానే షార్ట్ తగిలితే ఆ పెట్టె కన్నుమూసి తెరిచేలోపు ప్లస్ మైనస్ తిప్పేస్తుంది. డీసీసీలో, అంటే పట్టాల గుండా డిజిటల్ సంకేతాలు పంపి నడిపే పద్ధతిలో, ఇంజన్ ఎటు పోవాలో నిర్ణయించేది లోపలి డీకోడర్ చిప్, పట్టా కాదు. కాబట్టి బండి ఆగదు. నీది మామూలు డీసీ అయితే రెండు తీగలనూ ఒకేసారి తారుమారు చేసే డీపీడీటీ స్విచ్ చాలు, కానీ బండి ఆ భుజంలో ఆగాక తిప్పాలి.

అసలు కిటుకు పొడవులో ఉంది. వేరు చేసిన ముక్క నీ బండి కంటే పొడుగుండాలి. లేకపోతే ఇనుప చక్రాలు రెండు చివర్లా ఒకేసారి సందును కలిపి మళ్ళీ షార్ట్ చేస్తాయి. డబ్ల్యూడీఎం-2కు నాలుగు పాత ఐసీఎఫ్ ప్రయాణికుల పెట్టెలు తగిలిస్తే హెచ్‌వోలో ఇంచుమించు నాలుగడుగులు.

కాజీపేట ట్రయాంగిల్:
సారూ! ఎనిమిది నెలలు దీని కోసమే కూర్చున్నా. కానీ నా ప్లైవుడ్ షీటు వెడల్పే నాలుగడుగులు. బైపాస్ భుజం రెండున్నరకు మించి రాదు.

రిటైర్డ్ ఫిట్టర్:
పెట్టెలకు ప్లాస్టిక్ చక్రాలు వెయ్, లోపల లైట్లు పెట్టకు. అప్పుడు ఇంజన్ పొడవే లెక్క.

డాబా మీది రైలు:
సారూ, ఒక్క మాట అడుగుతా, కోప్పడొద్దు. ఇది మీరెక్కడ నేర్చుకున్నారు?

రిటైర్డ్ ఫిట్టర్:
అక్కడివాళ్ళ దగ్గరే. చందాలు రాకముందు ఇలాంటివి డీవీడీల్లో అమ్మేవాళ్ళు. మా తమ్ముడి కొడుకు డాలస్ నుంచి వస్తూ రెండు తెచ్చాడు. ఒక్కసారే కొన్నాం, ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. ప్లేయరే పాడైంది.

డాబా మీది రైలు:
అంటే డబ్బు పెట్టి ఎవరో ఒకరు కొంటేనే ఇవాళ ఇతనికి ఉచితంగా అందింది. కాజీపేటవాడికి సారు దొరికాడు. సిర్పూర్‌లో ఒక్కడే కూర్చుని కట్టేవాడికి ఎవరు దొరుకుతారు?

గ్యాంగ్‌మన్ కొడుకు:
డీవీడీలాగా అమ్మితే నేనూ కొంటా అన్నా. ఒక సిరీస్, ఒక ధర, నా దగ్గరే ఉండాలి. కిరాయికి ఇచ్చి కొన్నట్టు చెప్పడమే నచ్చదు.

కాజీపేట ట్రయాంగిల్:
నేనైతే ఈసారి కట్టను. మెసేజ్ రాగానే వద్దని నొక్కుతా. పూర్తయిన సిరీస్‌లు విడిగా అమ్మితే కొంటానని వాళ్ళకు ఒక మెయిల్ కూడా రాస్తా, డాబా అన్న మాట కోసం. గూడ్స్ తమ్మీ, లాగిన్ పంచుకునేది నాకొద్దు.

సారూ, ఆదివారం మా ఇంటికి రాగలరా? స్టేషన్ నుంచి బండి మీద నేనే తీసుకొస్తా.

రిటైర్డ్ ఫిట్టర్:
పది గంటలకు వస్తా. మల్టీమీటర్ ఉందా? ఉంటే అందులో బ్యాటరీ చూసి పెట్టు.