మామిడి చెట్టు కింద నేల కప్పడానికి వెడీలియానా, పింటో వేరుశనగా?

పెరటి పచ్చ, మియాపూర్
ఇంటి ముందు ప్రహరీ లోపల నాలుగడుగుల వెడల్పున మట్టి జాగా ఉందండీ. సగం మామిడి నీడ, సగం పొద్దంతా ఎండ. గరిక వేస్తే నీడలో బతకట్లేదు, వదిలేస్తే తుంగ కమ్మేస్తోంది. నర్సరీలో రెండు మొక్కలు చూపించారు: వెడీలియా, పింటో వేరుశనగ. రెండూ నేల మీద పాకేవే, రెండిటివీ పసుపు పూలే, రెండూ ఏళ్ల తరబడి ఉండేవే. మాది ఎర్ర చల్క నేల. బోరు నీళ్లు, గిన్నెల మీద తెల్లటి పొర కట్టే రకం. ప్రహరీ అవతల వాననీటి కాలువ, అది చెరువులోకి పోతుంది. పెంచినవాళ్లు ఏది వెయ్యమంటారు?

కొండవాలు ఇల్లు, విశాఖపట్నం
నా ఓటు వెడీలియాకే. మాది ఋషికొండ వైపు ఏటవాలు స్థలం. గట్టి వాన పడితే ఎర్రమట్టి జారి మెట్ల మీదకు వచ్చేది. వెడీలియా కొమ్మలు మూరెడు దూరంలో గుచ్చాం. ఆ వానాకాలం దాటేలోపే వాలంతా కప్పేసింది. నేలకు తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేరు పోస్తుంది కాబట్టి మట్టిని పట్టి ఉంచుతుంది. సముద్రపు ఉప్పుగాలికి మా చుట్టుపక్కల చాలా మొక్కల ఆకులు అంచులు మాడతాయి, దీనికేమీ కాలేదు. ఎరువు అడగదు. ఎండ తగిలితే ఏడాది పొడవునా పూలే, తేనెటీగలు వదలవు. మీ జాగాలో నీడ ఉన్న సగంలో మాత్రం పూలు తగ్గి కాడలు సాగుతాయి.

కొబ్బరి నీడ, కోనసీమ
నేను పింటో వైపు. మా కొబ్బరి చెట్ల మధ్య పెంచుతున్నాను, ఇంటి ముందు కూడా వేశాను. ఇది వేరుశనగ కుటుంబమే. వేళ్ల మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది. ఒక కాడ పెరికి చూడండి, బుడిపె కోస్తే లోపల ఎర్రగా ఉందంటే అది పని చేస్తున్నట్టే. 1954లో బ్రెజిల్‌లో జెరాల్డో పింటో అనే ఆయన దీన్ని సేకరించారు, ఆ పేరే నిలిచింది. ఇప్పుడు చాలా దేశాల్లో కాఫీ, అరటి తోటల్లో నేల కప్పడానికి వేస్తున్నారు. నీడకు ఓర్చుకునే గుణమే దానికి కారణం.

అయితే మొదటి ఏడు ఓపిక పట్టాలి. నాటాక చాలాకాలం కదలనట్టే ఉంటుంది, ఆ ఖాళీల్లోనే కలుపు లేస్తుంది. చేత్తో తీస్తూ ఉండాలి, ఇంకో దారి లేదు. రెండో వానాకాలానికి చాప పరిచినట్టు అల్లుకుంటుంది. ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పైపైన కోస్తే చాలు. అప్పుడప్పుడు తొక్కినా తట్టుకుంటుంది. వెడీలియా కాడలు మాత్రం కాలు పడితే విరుగుతాయి. పూలు రాలాక ఊడలు దిగి భూమిలో చిన్న కాయలు కడతాయి. పందికొక్కులు ఉన్నచోట వాటి కోసం తవ్వుతాయి, అది గమనించుకోండి.

టాంపా తోట, ఫ్లోరిడా
పచ్చ గారూ, మీరు రాసినదాంట్లో నా దృష్టి పడింది ఆ కాలువ మీద. దయచేసి వెడీలియా వద్దు. ఇక్కడ ఫ్లోరిడాలో దాన్ని ఆక్రమణ మొక్కల జాబితాలో చేర్చారు. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన వంద ఆక్రమణ జీవుల జాబితా ఒకటి ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) వాళ్లది ఉంది, అందులోనూ వెడీలియా ఉంది. గింజతో పెద్దగా వ్యాపించదు, తుంపులే దాని బలం. కత్తిరించిన ముక్క నీళ్లలో కొట్టుకుపోయి ఎక్కడ తడి తగిలితే అక్కడ వేరు పోస్తుంది. పైగా పక్క మొక్కల ఎదుగుదలను అణిచే రసాయనాలు దాని వేళ్లలో, ఆకుల్లో ఉంటాయి. చెరువు గట్టు మీద పెరిగే మన చిన్న చిన్న మొక్కలకు దాని కింద చోటుండదు. ఒక చెరువు గట్టు అలా ఒకే మొక్క పాలైతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక్కడ చాలామంది గడ్డికి బదులు పింటోకి దగ్గరి చుట్టమైన ఇంకో వేరుశనగ వేస్తున్నారు. మంచు పడితే గోధుమరంగుకు తిరిగి, ఎండలు రాగానే మళ్లీ చిగురిస్తుంది. మీకు హైదరాబాద్‌లో ఆ బెడద లేదు.

కొండవాలు ఇల్లు, విశాఖపట్నం
చెరువు మాట నిజమే, కాలువ పక్కన నేనూ వెయ్యమనను. మాకు చుట్టూ సిమెంటు రోడ్డు, దాటే చోటు లేదు. అయినా కత్తిరించిన కొమ్మలను చెత్తకుప్పలో వెయ్యనివ్వను. డాబా మీద పరిచి, విరిస్తే పుటుక్కుమనేదాకా ఎండబెట్టాకే కంపోస్టు గుంతలో వేస్తాం. మట్టి జారే వాలు మీద ఇప్పటికీ నా మాట ఇదే: పింటో కుదురుకునేలోపు మట్టి రోడ్డెక్కుతుంది.

అన్నభేది, గుంటూరు
ఎవరూ నీళ్ల సంగతి ఎత్తలేదు. గిన్నెల మీద తెల్లపొర అంటే సున్నం ఎక్కువున్న నీళ్లు. పింటోకి అదే పెద్ద ఇబ్బంది. మాది సున్నపు గులకలున్న నల్లరేగడి, ఇక్కడ మామూలు వేరుశనగలో వచ్చే పసుపే దీనికీ వస్తుంది. లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుపధాతు లోపం. ముదురు ఆకులు ముందు పసుపైతే అది వేరే సంగతి, నత్రజని లోపం లాంటిది. చాలామంది ఈ రెండూ కలిపేసుకుని యూరియా చల్లుతారు, దానివల్ల ఉపయోగం లేదు.

వేరుశనగ రైతులు చేసే పనే చెయ్యండి: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ. వారం ఆగి ఇంకోసారి. ద్రావణం అప్పటికప్పుడే కలపాలి, నిలవ ఉంటే తుప్పురంగుకు తిరిగి పనికిరాదు. పశువుల ఎరువు బాగా వేసిన నేలలో ఈ పసుపు తక్కువ. వీలైతే వాననీళ్లు పట్టి పొయ్యండి. వెడీలియాకి మా నేలలో ఇలాంటి గొడవేమీ కనిపించలేదు.

చిన్నరసం, నూజివీడు
నేను మామిడి గురించి చెప్తాను. కార్తీకం నుంచి పూత కనిపించేదాకా మామిడికి తడి తగ్గాలి. ఆ రోజుల్లో కింద మొక్క వాడిందని పైపు పెడితే చెట్టు పూతకు బదులు కొత్త చిగురు వేస్తుంది. కాబట్టి రెండు నెలలు నీళ్లు ఆపినా చావని మొక్కే కావాలి. కుదురుకున్న పింటో అప్పుడు కొంత ఆకు రాలుస్తుంది, తడి తగలగానే మళ్లీ లేస్తుంది. నాటిన ఏడాది మాత్రం అంత ఓర్పు ఉండదు. ఆ ఏడు మామిడి పాదుకు దూరంగా ఉన్నవాటికి చెంబుతో పొయ్యండి. చెట్టు మొదలు చుట్టూ రెండడుగులు ఖాళీగా వదలండి, కాండం దగ్గర తడి నిలవకూడదు.

కనకాంబరం, కరీంనగర్
మధ్యలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మా అత్తమ్మ వెడీలియాను చూసి పసుపు గుంటగలగర అంటోంది, తలనూనెలో కాచొచ్చా అని అడుగుతోంది.

కడియం మొక్కలు, కడియపులంక
వద్దమ్మా. పసుపు గుంటగలగర మన దేశపు మొక్క, పువ్వు ఒకేలా ఉంటుంది గానీ ఆకు సన్నగా, దాదాపు చీలిక లేకుండా ఉంటుంది. వెడీలియా ఆకు మూడు మొనలుగా చీలి, దళసరిగా మెరుస్తుంది. నూనెకు అది వాడకండి.

పచ్చ గారూ, మీ జాగాకి పింటోయే సరి. పాముల భయం ఉన్న ఇళ్లలో కూడా దాన్నే ఇస్తాం. వెడీలియా ఒత్తుగా మోకాలి దాకా లేస్తే లోపల ఏముందో కనపడదు. ముందు తుంగ సంగతి చూడండి. పైన పీకితే లాభం లేదు, గడ్డలు తవ్వి తియ్యాలి. పింటో తుంగను గెలవలేదు, నిజం చెప్పాలంటే వెడీలియా కూడా పూర్తిగా గెలవదు. ఎండ ఉన్న సగంలో వేసవిలో పింటోకి ఎర్రనల్లి పడుతుంది. ఆకు మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే ఉదయం పూట ఆకు అడుగుకు తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టండి, ముదిరితే సాయంత్రం వేపనూనె.

పెరటి పచ్చ, మియాపూర్
అందరికీ చాలా థాంక్సండీ. పింటోనే వేస్తాను. ఎండ వైపు, నీడ వైపు ఒకేసారి నాటొచ్చా? ఎంత దూరంలో?

కడియం మొక్కలు, కడియపులంక
నాటొచ్చండీ. తొలకరి పడి నేల లోపలిదాకా తడిశాక మొదలుపెట్టండి. జానెడు దూరం, ఎండ వైపు ఇంకాస్త దగ్గరగా. మూడు నాలుగు కణుపులున్న ముక్క తీసుకుని రెండు కణుపులు మట్టిలోకి పోయేలా పడుకోబెట్టి నొక్కండి. కోసిన ముక్కలు తడిగోనెలో చుట్టి తెచ్చుకోండి, తెచ్చిన రోజే నాటెయ్యండి. దొరికితే పాత పింటో మడిలోని మట్టి రెండు దోసిళ్లు తెచ్చి చల్లండి, వేళ్లకు బుడిపెలు కట్టే సూక్ష్మజీవి ఆ మట్టితోనే వస్తుంది.

కొబ్బరి నీడ, కోనసీమ
మా ఊరి వైపు వస్తే ముక్కలూ మట్టీ రెండూ నేనే ఇస్తాను, కొనక్కర్లేదు.