పాలమూరుకు సొంత సౌర పరిశోధన సంస్థ కావాలా, కొలిచే కేంద్రం చాలా?

పాలమూరు ఫిజిక్స్

మొన్న మా డిగ్రీ కాలేజీలో సోలార్ సెల్ పాఠం అయ్యాక ఒక అమ్మాయి లేచి అడిగింది: "ఎండలు మన దగ్గర ఇట్ల మండుతుంటే, ఎండ మీద పరిశోధన చేసే సర్కారు సంస్థ హర్యానాల ఎందుకున్నది సార్?" క్లాసులో ఏదో చెప్పాను గానీ ఆ జవాబు నాకే నచ్చలేదు. అందుకే ఈ చర్చా వేదికలో పెడుతున్నా.

జాతీయ సౌరశక్తి సంస్థ, పొట్టిగా నైస్, 1982లో సోలార్ ఎనర్జీ సెంటర్ పేరుతో మొదలైంది. ఉండేది గురుగ్రామ్ పక్కన గ్వాల్ పహాడీలో. 2013లో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ కింద స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థగా మారింది. సోలార్ ప్లేట్లు, నీటి పంపులు, బ్యాటరీలు పరీక్షిస్తుంది, శిక్షణ ఇస్తుంది. గాలి విద్యుత్తుకు చెన్నైలో, జీవ ఇంధనానికి పంజాబ్ కపుర్తలాలో ఇలాంటి సంస్థలే ఉన్నాయి. మన దగ్గర పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఈ రెండింటి అండతో దక్షిణ తెలంగాణకు పూర్తిస్థాయి సౌర పరిశోధన సంస్థ అడగాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

నల్లగొండ ఫిట్టర్

సార్, నేను ఒప్పుకోను. సూర్యమిత్ర అని సోలార్ పని నేర్పే సర్కారు ట్రైనింగ్ చేసి తొమ్మిదేండ్ల నుంచి ప్లేట్లు బిగిస్తున్న. ప్లేటుకు సర్టిఫికెట్ రావాలంటే దాన్ని 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు పెట్టాలె. అంటే దగ్గర దగ్గర 42 రోజులు. ఇంకో పరీక్షల మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు చల్లబరిచి వేడి చేస్తరు. అదంతా మూసిన గదిలనే. ఆ గది గురుగ్రామ్‌ల ఉన్నా, మిర్యాలగూడల ఉన్నా లోపల ఉండేది అదే వేడి. ఇంకోటి కడితే మనకు మిగిలేది కాంపౌండ్ గోడ, శిలాఫలకం. మాకు కావాల్సింది ప్లేటు పాడైతే మండలంల చూసేటోడు.

దేవరకొండ బోరు

మీరు చదువుకున్నోళ్లు, నా ముచ్చట జర వినుండ్రి. సబ్సిడీల సోలార్ మోటరు పెట్టించుకున్న. మాఘమాసంల ధార మంచిగ పోస్తది. మే నెల వచ్చిందంటే ఎండ మస్తుంటది, నీళ్లు మాత్రం సన్నగైతయ్. కంపెనీ పిలగాడు వచ్చి ప్లేట్లు బాగున్నయ్, దుబ్బ కడుక్కో అన్నడు. కడిగిన. కొంచెం మారింది గని మునుపటి తీరు రాలే. రెండోసారి పిలిస్తే ఎవ్వరూ రాలే. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ రావాలె గద సార్?

పాలమూరు ఫిజిక్స్

అన్నా, అందరూ అనుకునేది అదే. ప్లేటుకు కావాల్సింది వెలుతురు, వేడి దానికి పడదు. ప్లేటు వెనక రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. సిలికాన్ ప్లేటు అంతకంటే ఒక్కో డిగ్రీ వేడెక్కితే సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్లేటు ఒళ్లు 65 డిగ్రీలకు చేరితే 40 డిగ్రీల తేడా, అంటే 16 శాతం పోయినట్టే.

నల్లగొండ ఫిట్టర్

సార్ చెప్పింది నిజమే గని అన్న బోరు సంగతి అంతటితోని తెగదు. మే నెలల భూమిల నీళ్లు కూడా కిందికి పోతయ్. మోటరు ఎక్కువ లోతు నుంచి ఎత్తాలె కాబట్టి ధార తగ్గుతది. వేడితోని ఎంత పోయింది, దుబ్బతోని ఎంత, నీళ్లు దిగినందుకు ఎంత, ఈ మూడు కొలవకుండ విడదీయలేం. ఆ కంపెనీ పిలగాన్ని తప్పు పట్టాల్సింది అక్కడనే: మీటరు తియ్యకుండ బాగున్నయ్ అన్నడు.

పాలమూరు ఫిజిక్స్

తమ్ముడూ, నా వాదన నువ్వే చెప్పావు! గదిలో పరీక్ష ఎక్కడైనా ఒకటే, ఒప్పుకున్నా. కానీ ఈ మూడింటినీ విడదీయడం గ్వాల్ పహాడీలో కుదరదు. మన ఎర్ర దుబ్బ, మన బోర్ల లోతు ఇక్కడే ఉన్నాయి. నైస్, ఐఐటీ బొంబాయి కలిసి 2013 నుంచి దేశమంతా తిరిగి, బిగించిన ప్లేట్లు ఎలా అరుగుతున్నాయో సర్వే చేశాయి. వేడి ప్రాంతాల్లో ప్లేట్లు త్వరగా దెబ్బతింటున్నాయని, పెద్ద ప్లాంట్ల కంటే ఇళ్ల కప్పుల మీది చిన్న బిగింపులు ఎక్కువ పాడవుతున్నాయని తేలింది. ఇది చాలా విలువైన పని. అయితే సర్వే బృందం వస్తుంది, ఒకరోజు కొలుస్తుంది, వెళ్లిపోతుంది. పదేళ్లు ఒకే చోట కూర్చుని ప్రతి నిమిషం రాసుకునేవాళ్లు కావాలి.

కంచ గొర్లు

నాది వనపర్తి దిక్కు, గొర్లు కాసే ఇల్లు. పరిశోధన అంటున్నరు కాబట్టి ఒక మాట. దేశంల సౌర విద్యుత్తు 748 గిగావాట్ల దాకా తియ్యొచ్చని 2014ల లెక్క కట్టింది ఆ నైస్ సంస్థనే. బంజరు భూమిల 3 శాతం ప్లేట్లతోని కప్పితే అని. ఆ బంజరు ఏది? రికార్డుల బంజరు అని రాసిన జాగ మా దిక్కు కంచ. మా నాయన ముప్పై ఏండ్లు గొర్లను మేపింది అండ్లనే. ప్లాంటు వచ్చి తీగ కంచె వేస్తే అది మాకు మేత పోయినట్టే.

నేను సోలార్‌కు ఎదురు కాదు. మా ఇంటి మీద కూడ ఉన్నది. కానీ సంస్థ పెడితే అందుల అందరూ ఇంజనీర్లే ఉంటే ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు. ప్లేట్లను మనిషంత ఎత్తుల కట్టి కింద గడ్డి పెరగనిస్తే గొర్లు మేస్తయా, నీడల ఏ గడ్డి వస్తది, ఇనుము ఖర్చు ఎంత పెరుగుతది? ఇది కూడ పరిశోధననే. పశువుల డాక్టరు, వ్యవసాయం తెలిసినోళ్లు అండ్ల ఉండాలె. లేకుంటే నాకు ఆ సంస్థ వద్దు.

పాలమూరు ఫిజిక్స్

ఈ మాట నాకు ముందే తట్టాల్సింది. నా మొదటి పోస్టులో రెండు యూనివర్సిటీల పేర్లు రాశాను, గొర్లు కాసేవాళ్లు గుర్తుకు రాలేదు. దిద్దుకుంటున్నా.

పూర్తిస్థాయి సంస్థ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. బిగించిన ప్లేట్లను, పంపులను ఏళ్ల తరబడి ఇక్కడే కొలిచే చిన్న కేంద్రమే అడుగుదాం. అయితే ఒక షరతు. పరికరాలు పెట్టి వాచ్‌మన్‌కు అప్పగిస్తే రెండేళ్లలో తుప్పు పడతాయి. శాశ్వత ఉద్యోగంలో ఇద్దరైనా శాస్త్రవేత్తలు ఉండాలి, వాళ్లు నైస్‌కు జవాబుదారీగా ఉండాలి, లెక్కలు ఎవరడిగినా ఇవ్వాలి. అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మేలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం కింద 6 లక్షల ఎకరాల పోడు భూములకు సోలార్ పంపులతో నీళ్లివ్వాలని లక్ష్యం. ఐదేళ్ల తర్వాత ఆ పంపులు ఎట్లున్నాయో చెప్పేవాళ్లు ఈ జిల్లాల్లో ఉండొద్దా?

నల్లగొండ ఫిట్టర్

ఇద్దరు శాస్త్రవేత్తలకు సరే సార్. వాళ్ల పక్కన ఇద్దరు ఫిట్టర్లు కూడ. బాండ్లి, నిచ్చెన ఎత్తేది మేమే.

దేవరకొండ బోరు

కేంద్రం వచ్చినప్పుడు రానీ. నా ప్లేట్లు సగం కడుగుత, సగం అట్లనే ఉంచుత. పిల్లలను పంపు సార్, చూసి రాసుకుంటరు.

నల్లగొండ ఫిట్టర్

అన్నా, వరుసల కట్టిన ప్లేట్లల్ల అన్నిట్ల ఒకటే కరెంటు పోతది. సగం కడిగితే తేడా ధారల కనపడది. విడదీసి ఒక్కొక్కటి కొలవాలె. మోటరు నడుస్తుండంగ కనెక్టర్ గుంజకు, మంట లేస్తది. నేనే వస్త, కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటరు తెస్త. బోరు నీళ్ల లోతు కూడ తాడుతోని చూద్దాం. సార్, థర్మామీటరు మీది.

దేవరకొండ బోరు

బుధవారం రాండ్రి. మంగళవారం మాకు అంగడి. ఇప్పటి నుంచి ఎడమ దిక్కు నాలుగు ప్లేట్లు ముట్టుకోను.