లాల్‌బాగ్‌లో నడిచేవారి ధ్యాసను ఈఈజీతో కొలవవచ్చా?

ప్రశ్న – జయనగర్_విద్యార్థి

నేను బెంగళూరులో బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చదువుతున్నాను. లాల్‌బాగ్ చెట్ల కింద నడిచేటప్పుడూ, దగ్గరలోని జె.సి. రోడ్డు రద్దీలో నడిచేటప్పుడూ అవే మనుషుల ధ్యాసలో ఏ మేరకు తేడా వస్తుందో కొలవడం నా ప్రాజెక్టు. మా విభాగంలోని వైర్‌లెస్ హెడ్‌బ్యాండు నుదుటి మీది ఎలక్ట్రోడ్ల ద్వారా మెదడు విద్యుత్ సంకేతాలను (ఈఈజీ) గ్రహించి, ‘ఏకాగ్రత’ పేరుతో ఒక అంకెను ఫోనులో చూపిస్తుంది. కూర్చున్నంతసేపూ నిలకడగా ఉండే ఆ అంకె నడక మొదలవగానే పెరుగుతోంది. దీన్ని నడక ఫలితంగా భావించవచ్చా, పరికరాన్ని అనుమానించాలా?

జవాబు – సంకేతశోధన

పరికరాన్నే అనుమానించండి. నెత్తి మీద దొరికే మెదడు సంకేతం సాధారణంగా కొన్ని పదుల మైక్రోవోల్టులకు మించదు. నుదురు, దవడ, మెడ కండరాల సంకేతం దానికి ఎన్నో రెట్లు ఉండగలదు. పైగా అది 13 నుంచి 30 హెర్ట్జ్ వరకు ఉండే బీటా అనే మెదడు తరంగాలతో కలిసిపోతుంది కాబట్టి కేవలం ఫిల్టరుతో రెండింటినీ వేరుచేయలేము. కుర్చీలో కూర్చుని పళ్లు గట్టిగా బిగించి చూడండి. అప్పుడు కూడా అంకె ఎగబాకితే, మీరు కొలుస్తున్నది దవడనే.

చెమట వల్ల సంకేతం నెమ్మదిగా పక్కకు జారుతుంది, అడుగు పడినప్పుడల్లా వైరు ఊగుతుంది. హెడ్‌బ్యాండు బదులు ఎలక్ట్రోడ్ల టోపీ వాడితే, వైర్లను టోపీకి బిగించి, యాంప్లిఫయరును తలకు దగ్గరగా అమర్చాలి. స్వచ్ఛందంగా వచ్చేవారిని ముందురోజు తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రమ్మని చెప్పండి. ఈ సూచన విదేశీ మాన్యువళ్లలో పెద్దగా కనబడదు గానీ, మన ఊళ్లలో సగం తలనొప్పి అక్కడే ఉంటుంది.

జవాబు – మనోవిజ్ఞాన_పాఠకురాలు

పై జవాబుతో ఏకీభవిస్తూ, కొలిచే పద్ధతినే మార్చుకోమని నా సలహా. ఒకే రకమైన శబ్దాల మధ్య అప్పుడప్పుడూ వేరే శబ్దం వినిపించి, దాన్ని లెక్కపెట్టమంటే, ఆ అరుదైన శబ్దం తరువాత దాదాపు 300 మిల్లీసెకన్లకు తల వెనుక భాగాన, ముఖ్యంగా నడినెత్తికి కాస్త వెనుక ఉండే పీజెడ్ అనే ఎలక్ట్రోడ్ స్థానంలో, ఒక ధన తరంగం కనిపిస్తుంది. దీన్నే పీ300 అంటారు. 1965లో సటన్, ఆయన సహచరులు దీన్ని వర్ణించారు. శబ్దాన్ని పదే పదే వినిపించి సగటు తీస్తే, దానితో సంబంధం లేని కండరాల అలజడి, శబ్దాన్ని ఎన్నిసార్లు వినిపించామో ఆ సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది. అయితే శబ్దాల మధ్య విరామాన్ని మారుస్తూ ఉండాలి, లేకపోతే అవి అడుగుల లయతో కలిసిపోతాయి.

జర్మనీలో డెబెనర్ బృందం 2012లో ప్రచురించిన ప్రయోగంలో, గదిలో కూర్చున్నప్పటి కంటే ఆరుబయట నడిచేటప్పుడు పీ300 చిన్నదిగా కనిపించింది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంవారు ఆరుబయట సైకిలు తొక్కేవారి మీద చేసిన పరిశోధనలోనూ అది తగ్గింది. దీన్ని ధ్యాస తగ్గడంగా చదవడం పొరపాటని నా అభిప్రాయం. ఆటోలను, గుంతలను గమనిస్తున్న మెదడు మీ శబ్దానికి తక్కువ ధ్యాస కేటాయిస్తుంది, అంతే. కాబట్టి కూర్చోవడాన్ని నడకతో పోల్చకుండా, ఒకే వేగంతో సాగే రెండు నడకలను పోల్చండి. సగంమందిని ముందు తోటకు, మిగతావారిని ముందు రోడ్డుకు పంపండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఎవరికీ లెక్కపెట్టే పని పెట్టవద్దు. ఎథిక్స్ కమిటీ మొదట అడిగేది అదే.

జయనగర్_విద్యార్థి

ధన్యవాదాలు. పళ్లు బిగించగానే అంకె నిజంగానే ఎగిరింది. ఈఈజీకి బదులుగా ఎఫ్‌ఎన్‌ఐఆర్‌ఎస్ (కాంతితో మెదడు పనిని కొలిచే పద్ధతి) వాడితే కండరాల బెడద తప్పుతుందా?

జవాబు – సంకేతశోధన

కండరాల విద్యుత్తు బెడద తప్పుతుంది గానీ, ఎండ బెడద వస్తుంది. ఆ పరికరం పరారుణానికి దగ్గరి కాంతితో రక్తంలోని ఆక్సిజన్ మార్పును చూస్తుంది; సూర్యకాంతిలోనూ అదే కాంతి ఉంటుంది కాబట్టి టోపీ మీద నల్లటి గుడ్డ కప్పాలి. రక్త ప్రవాహం మారడానికి కొన్ని సెకన్లు పడుతుంది గనుక ఒక్కొక్క శబ్దానికి వచ్చే స్పందన విడిగా దొరకదు. నడకతో తల చర్మంలో పెరిగే రక్త ప్రవాహం కూడా అందులో కలుస్తుంది. మీ ప్రశ్నకు ఈఈజీయే తగినది. ఇయర్‌ఫోన్లు మాత్రం వైరువే తీసుకోండి. బ్లూటూత్ శబ్దాన్ని ఆలస్యంగా చేరవేస్తుంది, ఆ ఆలస్యం ఒక్కో ఫోనులో ఒక్కోలా ఉండి మీ 300 మిల్లీసెకన్ల లెక్కను చెడగొడుతుంది.